ఆయ్తు

ముక్కు దురద పెడుతోంది. పది వేళ్ళకూ గోరింటాకు టోపీలు పెట్టించుకుని, అరచేతుల నిండా ముద్ద మోస్తూ, రెండు చేతులూ మోకాళ్ళ మీద వెల్లకిలా పరుచుకుని కూర్చున్న మనిషికి ఇప్పుడు కాక ఇంకెప్పుడు దురద పెడుతుంది ముక్కు. భుజానికి రాసుకుంటే చోటు తప్పుతుంది. గోడ గడియారంలో నాలుగున్నర. అది ఎప్పుడూ ఐదు నిమిషాలు ముందుంటుంది, నాయన కావాలనే అలా పెట్టాడు, నాయన పోయి రెండేళ్ళయినా ఎవరూ దాన్ని వెనక్కి తిప్పలేదు. అంటే నాలుగూ ఇరవై అయిదు. ఐదున్నరకు ఓటింగు ముగుస్తుంది. ఫోను నా పక్కనే మంచం మీద ఉంది. తెర ఆరిపోయింది, ఆ నలుపులో పైన ఫ్యాను తిరగడం కనిపిస్తోంది. లేపాలంటే ముక్కుతో పొడవాలి, అలాగైనా దురద తీరుతుందేమో. కానీ తాళం తీయాలంటే బొటనవేలు కావాలి, ఆ వేలి మీద నిమ్మకాయంత ముద్ద పెట్టింది ఖాతూన్ అత్త. కోన్ అయితే పావుగంటలో ఆరిపోతుంది అత్తా అంటే వినలేదు. పెండ్లికూతురి అక్కవి, దానికితోడు పెండ్లి కాని అక్కవి, పరిగి నుంచి ఆకు తెప్పించి రోట్లో నూరినా, ఊరికే కూచో అంది. ఖాతూన్‌బీ అంటే మా నాయన చెల్లెలు, ఆమెకు ఎదురు చెప్పి నెగ్గినవాళ్ళు మా ఇంట్లో ఇంతవరకు లేరు. రెండు గంటలు ఉంచాలట. గడియారంలో మూడున్నర అయినప్పుడు పెట్టింది. ఇంకో గంట నేను ఈ మంచానికి బందీని.

రేపు ధర్మవరంలో చెల్లెలి నిఖా. పక్కగదిలో అది నవ్వుతోంది, దాని చుట్టూ చేరినవాళ్ళు నవ్విస్తున్నారు, వెనక దొడ్లో ఎవరో గుండిగలు దొర్లిస్తున్నారు. ఈ ఇంట్లో ఒక్కరికీ నా ఓటింగు సంగతి తెలియదు. తెలిసేలా చెప్పడమూ కష్టమే. ఒకసారి అత్తకు చెప్పబోయాను. బ్లాక్‌చైన్ అంటే ఎవరు ఎవరికి ఎంత సొమ్ము పంపారో రాసే పెద్ద పుస్తకం అత్తా, లోకంలో వేల కంప్యూటర్లలో అదే పుస్తకం ఉంటుంది, అందులో రాసింది ఎవరూ చెరపలేరు, దిద్దలేరు అని. మరి ఎవరు చదువుతారు దాన్ని అంది. మామూలు మనుషులు చదవలేరు, అంతా అంకెల గుట్ట, అందుకే నేనొక పేజీ నడుపుతాను, అందులో నీ నంబరు కొడితే నీకు రావలసింది వచ్చిందా, ఇంకా దారిలో ఉందా అన్నది కనిపిస్తుంది, దాన్ని ఎక్స్‌ప్లోరర్ అంటారు అన్నాను. ఓ, కిటికీనా, అంది. అంతే, కిటికీ. ఆరేళ్ళుగా ఆ కిటికీని తుడిచేది, తలుపులు బిగించేది, చెద పట్టకుండా చూసేది నేనొక్కదాన్ని. పుస్తకం రోజూ లావెక్కుతుంది, పేజీ నెమ్మదిస్తుంది. పుస్తకం రాసేవాళ్ళు ఏదో నియమం మారుస్తారు, నాకు చెప్పరు, పేజీ విరిగిపోతుంది. బాగున్నన్నాళ్ళు నేనున్నానన్న సంగతి ఎవరికీ తెలియదు. ఒక్క గంట ఆగితే చాలు, పడుకున్నావా, దొంగవా, మా సొమ్ము ఎక్కడ అంటూ నేనెప్పుడూ చూడని దేశాలవాళ్ళు నన్ను తిడతారు. వాళ్ళ సొమ్ముకు ఏమీ కాదు, అది పుస్తకంలో భద్రంగానే ఉంటుంది, కనపడదు అంతే. కనపడకపోతే లేనట్టే అనుకుంటారు మనుషులు. తప్పు పట్టలేను, నేనూ అంతే.

పచ్చి ఆకు వాసన, కొంచెం మట్టి వాసన. నాయన పనినుంచి వచ్చినప్పుడు తడిసిన లుంగీ దగ్గర ఇలాంటి వాసనే వచ్చేది. మా ఇంట్లో తెలుగే మాట్లాడతాం, నాయనను నాయన అనే పిలిచాం. ఆయన పేరు మొహిద్దీన్ సాబ్, కానీ వీధిలో అందరికీ నీళ్ళ సాబ్. కాంట్రాక్టరు కింద మావైపు నాలుగు వీధులకు తాగేనీళ్ళు వదిలే పని. మనిషెత్తు ఇనుప కడ్డీ భుజాన వేసుకుని పోయి, రోడ్డులో మూత తీసి, కడ్డీ దించి వాల్వు తిప్పేవాడు. హిందూపురంలో నీళ్ళంటే ఏమిటో హిందూపురంవాళ్ళకు చెప్పక్కర్లేదు. నీళ్ళొచ్చిన రోజు నాయన ఎవరికీ గుర్తుండడు, రాని రోజు తెల్లారేసరికి మా గుమ్మం ముందు బిందెలు. ఏ పెళ్ళికైనా ఉదయం పోయి సాయంత్రానికి తిరిగి రావడమే, ఆ పెళ్ళి తన తమ్ముడిదైనా సరే. ఏడాదికొకసారి కాంట్రాక్టరును అడిగేవాడు, ఇంకో మనిషిని ఇయ్యండి సామీ అని. పనిలో చేరిన పదమూడో ఏట ఇచ్చారు. వచ్చినవాడి పేరు కుళ్లాయప్ప. ఆ సాయంత్రం నాయన మైసూర్‌పాక్ పొట్లం పట్టుకుని వచ్చాడు. అయితే ఇంక మానేయొచ్చు కదా నాయనా అన్నాను. "వానికి పని నేర్పల్ల గదమ్మా, దానికే నన్నుండమన్న్యారు. కొన్నాళ్ళే," అన్నాడు. ఆ కొన్నాళ్ళు పదకొండేళ్ళు సాగాయి. నేను అప్పుడు ఎంత నవ్వానో. నిన్ను బాగా పట్టుకున్నారు నాయనా, మనిషినిచ్చి మరీ పట్టుకున్నారు అన్నాను. ఆ మాట ఇప్పుడు నాకే వచ్చి తగులుతోంది. అయినా న్యాయంగా చెప్పాలంటే, ఆ ఏడాదే ఆయన మొదటిసారి మాతో పెనుకొండ ఉరుసుకు వచ్చి ఒక రాత్రి నిద్ర చేశాడు. తెల్లవారుజామున లేచి కూర్చుని, మూడో వీధి వాల్వు ఎడమకు తిప్పాలని కుళ్లాయప్పకు చెప్పడం మరిచానే అన్నాడు. అన్నాడే గాని మళ్ళీ పడుకున్నాడు. అది నాకు గుర్తుంది, మళ్ళీ పడుకున్నాడు.

అందుకే ఇప్పుడు ఓటింగు జరుగుతున్న కాగితంలో, నేను రాసినదే, మొదటి పేజీలోనే పెట్టాను, పని తెలిసినవాళ్ళు ఒక్కరే ఉండకూడదని. చైన్‌కు ఒక ఉమ్మడి నిధి ఉంది, దాన్ని దేనికి వాడాలో చైన్ వాడేవాళ్ళే ఓట్లేసి తేలుస్తారు. నేను అడిగింది నలుగురు మనుషులను. ఇద్దరు కోడు రాసేవాళ్ళు, ఒకరు సర్వర్లు చూసుకునేవాళ్ళు, ఒకరు జనం అడిగే ప్రశ్నలకు ఓపిగ్గా జవాబు చెప్పేవాళ్ళు. ఈ పని తప్ప వేరే పని లేని నలుగురు. పేజీ వేగంగా తెరుచుకోవాలి, తెలుగులో, కన్నడంలో, ఇంకా పది భాషల్లో కనపడాలి, చేసిన ప్రతి పనీ ఎక్కడో ఒకచోట రాసిపెట్టాలి. పదకొండు పేజీలు రాశాను. ఒక్క పేజీలోనూ నా పేరు లేదు. ఆ పదకొండు పేజీలూ నా రాజీనామా అని చదివినవాళ్ళకు తెలియలేదు, నేనూ చెప్పలేదు. చెప్పి ఉంటే ఈపాటికి చేతులు కట్టుకుని, అంటే చేతులు చాపుకుని, ఇలా కూర్చునేదాన్ని కాను.

మడకశిర గంగాధర ఫోను చేసినప్పుడు నేను బస్టాండు దగ్గర పూలు బేరం చేస్తున్నాను. ఆయన నిధి చూసే కమిటీలో ఉన్నాడు, బెంగళూరులో ఉంటాడు, నన్ను చెల్లెలిలాగే చూస్తాడు. "టీమును ముందుండి నడిపేదెవురని అడుగుతాండారు నిషాతూ. మూడేండ్లు నువ్వే ఉంటానంటే గెలిచినట్లే. ఏమంటావ్?" అన్నాడు. నాకు ఆ క్షణాన ఎంత అలసట వచ్చిందంటే, మూరెడు పూలు కూడా బరువనిపించాయి. "ఆయ్తు గంగన్నా, ఆయ్తు," అన్నాను. "సంతోషం," అని పెట్టేశాడు. ఎంత పెద్దమనసు, పోతానంటే సంతోషం అన్నాడే అనుకున్నాను. హిందూపురంలో మా నోట్లోకి కన్నడం ఎప్పుడు దూరుతుందో మాకే తెలియదు. అన్నం అయిపోతే ఆయ్తు, సినిమా అయిపోతే ఆయ్తు, మనిషికి ఓపిక అయిపోతే ఆయ్తు. మా వీధిలో ఆ మాటకు అంతకుమించి అర్థం లేదు. మడకశిరలో అయిపోయిందన్నా ఆయ్తే, సరే ఒప్పుకుంటున్నానన్నా ఆయ్తే. ఇరవై కోసులు లేదు రెండూళ్ళ మధ్య. మూడు రోజుల తరువాత, చెల్లెలి చీరలు మడతపెడుతూ ఫోను తెరిస్తే, ఓటింగు పెట్టిన కాగితం చివర కొత్త వాక్యం ఉంది, మూడేళ్ళపాటు టీము బాధ్యత నిషాత్‌ది అని. కింద వందలకొద్దీ జనం, నిషాత్ ఉంటేనే మా ఓటు అని. దిద్దడానికి లేదు. చెరపలేని పుస్తకం కదా. దాని గురించి ఆరేళ్ళు గొప్పలు చెప్పింది నేనే.

ఒకటే దారి ఉంది. గడువు ముగిసేలోపు నా ఫోనులోంచి నా ఒప్పుదల వెనక్కి తీసుకోవచ్చు. ఒక బొత్తాం, ఒక వేలిముద్ర. తీసుకుంటే కాగితం మొత్తం పడిపోతుంది, టీము ఉండదు, ఇంకో ఏడాది వరకు అడగడానికి లేదు. అప్పుడు నాకు మిగిలేవి రెండే, ఇంతకుముందులా ఒంటరిగా మోయడం, లేదా మూసేయడం. ఒంటరిగా ఇంక మోయను. మూసేస్తాను. మూసేసి హాయిగా నిద్రపోతాను, ఫోను ఇంట్లో మరిచిపోయి బజారుకు పోతాను. నాకు ముప్పై నాలుగు. మూడేళ్ళంటే ముప్పై ఏడు. నొక్కేద్దామని నాలుగు రోజులుగా అనుకుంటున్నాను, ఈ రోజు మధ్యాహ్నం తప్పకుండా నొక్కేద్దామనుకున్నాను, గిన్నె నిండా ఆకు ముద్దతో అత్త వచ్చింది.

నొక్కాలి. పెనుకొండ ప్లాట్‌ఫారం మీద కూర్చున్న ఆ రెండు గంటల కోసమైనా నొక్కాలి. రెండేళ్ళ క్రితం ధర్మవరం పోయాను, చెల్లెలికి సంబంధం చూడ్డానికి, ఇదే సంబంధం. పొద్దున నాయనకు కాస్త ఆయాసంగా ఉండింది, గ్యాసేలే పోయిరా అన్నాడు. తిరుగు రైలు పెనుకొండలో ఆగినప్పుడు ఫోను మోగడం మొదలుపెట్టింది. పేజీ ఆగిపోయింది. రైలు కదిలితే సిగ్నలు పోతుందని దిగేశాను. దిగమని ఎవరూ అనలేదు, నేనే దిగాను. బెంచీ మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని, పక్కన ఎవరో గొర్రెల మందతో పోతుంటే ఆ దుమ్ములో, రెండు గంటలు దిద్దాను. మధ్యలో ఇంటినుంచి ఫోను వస్తే కట్ చేశాను, ఒకసారి కాదు, మూడుసార్లు. పేజీ నిలబడింది. సాయంత్రం ఇంటికి చేరేసరికి గుమ్మం ముందు చెప్పులు, చాలా చెప్పులు. మరుసటి రోజు కుళ్లాయప్ప వచ్చి గోడవారగా నిలబడి, "ఏ వాల్వు యాడుండాదో సగం సాబ్ తలకాయిలోనే పెట్టుకుని పోయినాడమ్మా," అని ఏడ్చాడు. నాకు ఏడుపు రాలేదు. ఆ పేజీ మీద అసహ్యం వేసింది. నిజానికి నా మీద. ఆ రెండింటినీ విడదీయడం ఇంతవరకు చేతకాలేదు.

"కదిలించినావా చేతులు?" అత్త వచ్చింది, కొంగుతో మొహం తుడుచుకుంటూ, తన ఫోను పట్టుకుని. లేదత్తా అన్నాను. ముక్కు గోకు అత్తా అన్నాను. గోకింది. ఆ సుఖం చెప్పలేను. మంచం మీద కూలబడి తన ఫోను నా మొహం ముందు పెట్టింది. "మే, నజీర్ పెండ్లికి దుడ్డు పంపినాడంట. ఈడ పచ్చ టిక్కు పడల్ల. పడినాదా చూడు, నా కండ్లజోడు యాడో పెట్టినా." నజీర్ ఆమె కొడుకు, మస్కట్‌లో ఏసీలు బాగుచేస్తాడు. ఆ తెర మీద ఉన్నది నా పేజీ. నేను ఎంచుకున్న ఆ పచ్చ రంగు, నేను గుండ్రంగా గీసిన ఆ చక్రం, తిరుగుతోంది, తిరుగుతోంది. నీకెవరు నేర్పించారత్తా ఇది అన్నాను. "వాడే. ప్రతి నెలా చూస్తా. టిక్కు పడితే వాడు బాగుండాడని నాకు లెక్క. ఫోను చేసేకి వానికి టైముండదు గదా." చక్రం ఆగి పచ్చ టిక్కు పడింది. పడింది అత్తా అన్నాను. "నీ కిటికీ బలే చేసినావు మే," అంది, నా తల నిమిరి లేచి పోయింది. ఆరేళ్ళలో నాకు వచ్చిన మెప్పులన్నీ ఇంగ్లీషులోనే వచ్చాయి. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, తుడుచుకోవడానికి చేతులు లేవు. ఇదేం అన్యాయం, ఈ ఒక్క గంటలోనే ఆమె దాన్ని చూపించాలా.

గడియారంలో ఐదుంబావు. ఫోను మోగుతోంది. అత్తా అని అరిచాను. ఆమె పరిగెత్తుకొచ్చి, తెర మీద వేలు జరిపి, స్పీకరు పెట్టి, నా ముందు పట్టుకుంది. గంగాధర. వెనక బెంగళూరు ట్రాఫిక్కు. "నిషాతూ, గెలుస్తాండాం! ఇంక ఎవురేసినా ఎయ్యకపోయినా గెలిచినట్లే!"

"అన్నా, ఆ పొద్దు నేను ఆయ్తు అన్న్యా గదా."

"అన్న్యావు."

"అయిపోయింది అన్న్యాను అన్నా. నా పని అయిపోయింది, ఇంక నాతో కాదు అని. సరే అని కాదు."

"అయ్యో," అన్నాడు. "నేను సరే అనుకుంటినే. అడిగినదానికి ఆయ్తు అంటే మా పక్క అంతే గదమ్మా." "రాసింది దిద్దేకి కాదు. ఆపేకి మాత్రం అయితాది, ఇంకా ఇరవై నిమిషాలుండాది. నీ ఏలు నీది నిషాతూ. ఆపినా నేనేమనుకోను." కోప్పడి ఉంటే బాగుండేది. కోప్పడితే నొక్కడం సులువు.

అత్త ఫోను మంచం మీద పెట్టింది. "ఎవురే ఆ అబ్బి? ఏం ఆపల్ల?" అంది. ఆఫీసు పనిలే అన్నాను. చెల్లెలు పిలిస్తే పోయింది. పోగానే బొటనవేలు నోట్లో పెట్టుకున్నాను. ముప్పై నాలుగేళ్ళదాన్ని, పెళ్ళింట్లో, గోరింటాకు నాకుతున్నాను. చేదు, గొంతుదాకా చేదు. ముద్దంతా నాలికతో తీసి కొంగుకు ఉమ్మాను, వేలు ఫోను మీద ఆనించాను. గుర్తించలేదు. తుడిచి మళ్ళీ ఆనించాను. గుర్తించలేదు. గంటన్నర తడిసి ముడతలు పడిన వేలు, నా వేలే, నాది కాదంటోంది. మూడోసారి. ఇంక ఆరంకెలు కొట్టమంది. ఈ తడి వేలితో కొడితే ఒక అంకెకు ఇంకో అంకె పడుతోంది, మిగతా వేళ్ళన్నీ టోపీల్లో ఉన్నాయి. అత్తను పిలిచి కొట్టమనొచ్చు, అంకెలు ఆమెకు వచ్చు. ఆ ఆరంకెలు నాయన పోయిన తేదీ. పెళ్ళింట్లో ఆ తేదీని ఆయన చెల్లెలి వేలితో ఎలా నొక్కించను. పిలవలేదు. మంచి కారణమే దొరికింది నీకు నిషాత్, అనుకున్నాను. ఎప్పుడూ నీకు మంచి కారణాలే దొరుకుతాయి, పెనుకొండలోనూ దొరికింది.

ఎంతసేపు కూర్చున్నానో. చెమట మెడమీదనుంచి వీపులోకి జారుతోంది, అది ఎక్కడిదాకా పోతుందో చూస్తూ కూర్చున్నాను. ఇంకాసేపు ఇలా చేతులు చాపుకుని ఉంటే చాలు, గడువు దానంతటదే దాటిపోతుంది, తప్పు ఆకుది, అత్తది, మడకశిరది అవుతుంది, నాది కాదు. అప్పుడు ఎంత హాయి. తిట్టుకుంటూ మూడేళ్ళు చేయొచ్చు. ఇంతలో అత్త చెంబుతో, తట్టతో వచ్చింది. "ఐదున్నరాయె, రెండు గంటలైనాయి. పట్టు చేతులు." గోడ వైపు చూశాను. ఐదున్నర. నాయన గడియారంలో ఐదున్నర. అంటే ఇంకా ఐదు నిమిషాలుంది. అత్త చెంచా కాడతో ముద్ద గీకుతోంది, ఎండినవి పెళ్ళలుగా తట్టలో రాలుతున్నాయి, నీళ్ళు పోసింది, కొబ్బరినూనె రాసింది, తన కొంగుతోనే తుడిచింది. "ఎంత బాగా పండినాదో చూడు! ఈ ఏలొక్కటి ఏమైందే? పాలిపోయుండాది." బొటనవేలు. ఎర్రటి చేతిలో అదొక్కటే సరిగ్గా పండక లేతగా ఉంది. రాలిపోయిందత్తా అన్నాను. తట్ట తీసుకుని పోయింది.

ఫోను తీసుకున్నాను. ఆ పండని బొటనవేలు ఆనించాను. ఈసారి ఒక్కసారికే తెరుచుకుంది. బొత్తాం అక్కడే ఉంది, ఎర్రగా, ఒప్పుదల వెనక్కి తీసుకోండి అని. మూడు నిమిషాలు. ఇప్పుడు ఆకు లేదు, అత్త లేదు, అర్థం కాని మాట లేదు, చేతులు రెండూ ఖాళీగా ఉన్నాయి. ఎవరూ నన్ను పట్టుకోలేదు. దానికే భయం వేసింది. నొక్కితే వచ్చే నెల అత్త ఫోనులో చక్రం తిరుగుతూనే ఉంటుంది, ఆమె కండ్లజోడు కోసం వెతుక్కుంటుంది, కండ్లజోడు దొరుకుతుంది, టిక్కు మాత్రం పడదు. నొక్కకపోతే మూడేళ్ళు. నలుగురు వస్తారు, వాళ్ళకు పని నేర్పాలి, ఏది ఎడమకు తిప్పాలో చెప్పాలి, మరిచిపోకుండా రాయాలి. ఒక రాత్రి ఎక్కడైనా నిద్ర చేయొచ్చు, ఒక్క రాత్రి, మధ్యలో లేచి కూర్చుని మళ్ళీ పడుకోవచ్చు. మూడేళ్ళు మూడేళ్ళతో ఆగవని నాకు తెలుసు. నాయనకూ తెలిసే ఉంటుంది, మైసూర్‌పాక్ తెచ్చిన రోజే. తెలిసే కొన్నాళ్ళే అన్నాడు. వేలు కదలడం లేదు, ఇప్పుడు దాన్ని ఏదీ పట్టుకుని లేదు. రెండు నిమిషాలు. ఒకటి. తెర మీది ఎర్ర బొత్తాం బూడిదరంగులోకి మారి, తరువాత కనపడకుండా పోయింది.

"ఆయ్తా మే నీ ఆఫీసు పని?" గుమ్మంలోంచి అత్త. "రా, చెల్లెలు పిలుస్తాండాది."

"ఆయ్తు అత్తా," అన్నాను. మడకశిరవాళ్ళు అన్నట్టు అన్నాను.